రాత్రి పదకొండు రెండుసార్లు

వాల్దీవియాలో వాన పడుతోందని చెప్పడం
చేప తడిగా ఉందని చెప్పడం లాంటిది.
అయినా చెబుతున్నాను.
ఆ రాత్రి ఒక చుక్క ప్రొజెక్టర్ మీదే పడింది.

నెలకో గురువారం
ఫైర్ స్టేషన్ పైగదిలో కలుస్తాం.
అద్దె లేదు. బదులుగా
వాళ్ళ ముసలి కంప్యూటర్ల ఊపిరి పోకుండా చూడాలి.
వాళ్ళకీ జీతాల్లేవు, మాకూ లేవు.
ఈ ఊళ్ళో మంటలార్పడం కూడా
తీరిక వేళల్లో చేసే పనే.

నేను ఉపన్యాసాలివ్వను. సంచీ మోస్తాను.
పద్నాలుగు అడాప్టర్లు, పొడుగాటి పవర్ వైరు,
ఎవరి తోక ఎవరికి అతకాలో నాకే తెలుసు.
"నీ సంచీ లేకపోతే మనం
ఒట్టి కబుర్ల సంఘం" అంటుంది ఎర్మెలిందా.
అదేమైనా తక్కువా, అంటాను నేను.

ముందు రయేన్ మాట్లాడింది.
ఇరవై నిమిషాలకి అరవై స్లైడ్లు.
మెమరీ ఎక్కడ కారిపోతోందో చెబుతుంటే
పైకప్పు కింద పెట్టిన బకెట్ తాళం వేసింది.

తర్వాత కుస్తోదియో.
తెల్లవారుజామున రొట్టెలు కాలుస్తాడు,
మిగిలిన పొద్దులో వంతెన కింద కట్టిన పెట్టెతో
నది వేగం కొలుస్తాడు.
తెరమీద గీత పాకింది, పాకింది,
ఏప్రిల్లో ఒక శనివారం రాత్రి
వచ్చిన దారినే మళ్ళీ వెనక్కి నడిచింది.
"చూశారా," అన్నాడు సిగ్గుపడుతూ,
"నా ప్రోగ్రాములో నది ఇంటికి తిరిగొస్తోంది."
అందరం నవ్వాం.

అప్పుడే సైరన్.

లేజర్ పాయింటర్ కుర్చీలో పడింది.
అతనూ మరో ఇద్దరూ మెట్లమీద బూట్ల చప్పుడైపోయారు.
కింద బండి కదిలింది.
తెరమీద కర్సర్ మాత్రం
సగంలో ఆగిన మాటలా కొట్టుకుంటోంది.

కాసేపు ఎవరం ఏమీ అనలేదు.
సోపైపీయాలు చల్లారుతున్నాయి.
రయేన్ లేచి అతని కుర్చీలో కూర్చుంది.
చూడొచ్చా అని ఎవరినీ అడగలేదు.
చూడండి, మార్చండి, పంచుకోండి అని
ఫైలు నెత్తిమీదే అతను రాసిపెట్టుకున్నాడు,
తలుపు దగ్గరికి వేసి గొళ్ళెం పెట్టని ఇల్లులా.

ఆ శనివారం గడియారాలు వెనక్కి తిప్పిన రాత్రి.
పదకొండు గంట రెండుసార్లు వచ్చింది.
అంతే. ప్రపంచ సమయంలో రాసుకుంటే
గీత మడత విప్పుకుని చక్కగా సాగింది.
చప్పట్లు కొట్టబోయాం.

"ఆగండి," అంది ఎర్మెలిందా.
ముప్పై ఏళ్ళు రేవులో ఆటుపోట్ల పుస్తకం రాసిన మనిషి,
కళ్ళద్దాలు నుదుటి మీంచి దించి
నూట పన్నెండో వరుసకి వేలు పెట్టింది.
అక్కడ అతని వ్యాఖ్య:
మైనస్ అంకెలు వస్తున్నాయి, సెన్సరు పాడైనట్టుంది.
దాని కిందే
ప్రతి మైనస్‌నీ చెరిపేసే చిన్న ఆజ్ఞ.

"పాడైంది పెట్టె కాదు," అంది.
"పోటెక్కితే సముద్రం మన నదిని వెనక్కి తోస్తుంది.
రోజుకి రెండుసార్లు.
చేపల అంగడి దగ్గరి సీలయన్లనడగండి."

ఆ ఒక్క వరుసా తీసేసింది రయేన్.
గీత సున్నాకి దిగింది, సున్నా దాటింది,
కింద మునిగి, మెల్లగా పైకి తేలింది.
ఎవరూ నవ్వలేదు ఈసారి.

పదిన్నర దాటాక వచ్చారు,
తడిసిన పొగ వాసనతో.
పొగగొట్టమట. ఎవరికీ ఏమీ కాలేదు.
కుస్తోదియో చల్లారిన సోపైపీయా కొరికి
నములుతూ నములుతూ ఆగిపోయాడు.
"అంటే నేను నవ్వించిన చోట గడియారం తప్పు."
"ఊఁ."
"నేను దిద్దిన చోట..."
ఎర్మెలిందా అతని భుజం మీది బూడిద దులిపింది.

మార్పుకి పేరేం పెట్టాలో
మేం తొమ్మిది రకాలుగా వాదించుకున్నాం.
అతను మసి చేతులతో కొట్టాడు:
నదిది తప్పు కాదు.

వంతెన దాటుతూ సంచీ లెక్కపెట్టుకున్నాను. పదమూడే.
కిందకి చూశాను, నీళ్ళు ఎటు పోతున్నాయో
చీకట్లో ఏమీ తెలియలేదు.
పద్నాలుగోది ప్రొజెక్టర్‌కే ఉండిపోయినట్టుంది.
ఉండనీ, వచ్చే నెల దాకా.